సుభద్రక్క, కాయలొలిచే మిషన్, నేను

నిన్న తెల్లారేసరికి ఫోన్ మోగింది. తెలియని నంబర్.

"మా అమ్మ పోయిందమ్మా" అని ఒకామె ఏడుస్తోంది.

పాపం, ఎవరి తల్లో అనుకున్నాను. "ఎవరమ్మా నువ్వు? మీ అమ్మ పేరేంటి?" అని అడిగాను.

"సుభద్రమ్మ" అంది.

మా అక్క.

అక్కకు పెళ్లి కాలేదు. పిల్లల్లేరు. నా చిన్నప్పుడే మా అమ్మ పోతే నన్ను పెంచింది అక్కే. అలాంటిది, అక్క పోయిందన్న మాట నాకు చెప్తూ ఎవరో "మా అమ్మ" అంటోంది.

ఏడుపు కంటే ముందు నాకు కడుపు మండింది.

(నేను చెప్తుంటే మనవరాలు టైప్ చేస్తోంది. "అవ్వా, ఇది కూడా పెట్టాల్నా?" అంటోంది. పెట్టమన్నాను.)

ఇది చదివే మీలో చాలామంది అక్కను చూసి ఉండరు. అరవైల మొదట్లో గ్రామసేవికగా ఉద్యోగం వచ్చి, కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెకు వెళ్లింది. వేరుశనగ పండే ఊరది. అక్కడి ఆడవాళ్లకు చెనక్కాయలు ఒలిచి ఒలిచి వేళ్లు పగిలి నెత్తురొచ్చేది. అక్క వాళ్లందరినీ కూర్చి సంఘం పెట్టించింది. తలా కొంత వేసుకుని, చేత్తో తిప్పే కాయలొలిచే మిషన్ ఒకటి కొన్నారు.

"కొనేది ఏముంది పాపా, అది ఎన్నేండ్లయినా ఆడుతాండల్ల" అనేది అక్క.

మిషన్ ఆగకుండా ఆడాలంటే ఏం చేయాలో వాళ్లకు నేర్పుతూనే ఉండేది. మిషన్ వాడుకున్నవాళ్లు ఎవరైనా సరే బాడుగ కట్టాలి. అందులో కొంత రిపేరుకని తీసి పెట్టాలి. కరువొచ్చినా అది ముట్టకూడదు. డబ్బు పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి సంఘంలోని తిప్పక్క దగ్గర, ఇంకొకటి హుసేన్‌బీ దగ్గర. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరుచుకునేది.

ఒక వేసవి సెలవుల్లో అక్క దగ్గరికి వెళ్లాను. పొద్దున నాకు రెండు జడలు వేస్తోంది. ఒకటి అయింది. అంతలో తిప్పక్క వచ్చింది.

"అక్కా, మిషన్ లొడలొడమంటాండాది."

"ఉండు పాపా, వస్తా" అని అక్క లేచి వెళ్లిపోయింది.

చూసి చూసి, ఒక పక్క జడ, ఒక పక్క విరబోసిన జుట్టుతో నేనూ వెళ్లాను. అక్క మిషన్ పక్కన కూర్చుని ఉంది. పానా మాత్రం తిప్పక్క చేతిలో ఉంది.

"నేను ముట్టను. నువ్వే బిగించు. రేపు నన్ను యాడికో మారిస్తే ఎవరు బిగిస్తారు?" అంటోంది అక్క.

తిప్పక్క చాలాసేపు తంటాలు పడింది. చివరికి బోల్టు బిగిసింది. అక్క పకపకా నవ్వి, ఆమె బుగ్గలు రెండూ పట్టుకుంది.

ఆ నవ్వు అప్పటిదాకా నా ఒక్కదానిదే.

ఇంటికెళ్లి రెండో జడ నేనే వేసుకున్నాను. వంకరగా వచ్చింది.

కొన్నేళ్లకు నా పెళ్లయింది. మొదటి కాన్పుకు అనంతపురం ఆస్పత్రిలో చేరితే, అక్క లీవు పెట్టి వచ్చింది. ఇన్నాళ్లకు అక్క పూర్తిగా నా దగ్గరే ఉంది అనుకున్నాను.

నొప్పులు మొదలైన రోజే తిప్పక్క మొగుడు బస్సు దిగి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, బిరీన రావల్ల. పెద్దరైతు బండి తోలుకొచ్చినాడు. మిషన్ వాళ్ల కళ్లంలో పెట్టుకుంటాడంట. ఆడోళ్లకు మిషనేందని అరుస్తాండాడు."

అక్క వెళ్లిపోతుందనే అనుకున్నాను. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"నేను రాను. ఏం చేయల్లో వాళ్లకు తెల్సు. నువ్వు పో" అంది అక్క అతనితో.

అంత నొప్పిలోనూ నాకు ప్రాణం లేచొచ్చింది. "నా కోసమే ఉండిపోయినావు కదక్కా?" అని అడిగాను.

అక్కకు అబద్ధం చెప్పడం రాదు.

"నేను పోతే, నేనుంటేనే సంఘం అనుకుంటారు పాపా. పోకుంటేనే వాళ్లు నిలబడతారు."

నా పక్కన కూర్చోవడం కూడా వాళ్ల కోసమే.

సాయంత్రానికి కొడుకు పుట్టాడు. అక్క వాణ్ణి ఎత్తుకుంది. చూపు మాత్రం గుమ్మం వైపే.

తర్వాత తిప్పక్క, హుసేన్‌బీ ఆస్పత్రికి వచ్చారు. ఆడవాళ్లంతా బండికి అడ్డంగా నిలబడ్డారట. హుసేన్‌బీ పెద్దరైతుతో అన్న మాట ఇది: "మిషన్ కావల్నా? మీ వంతు వచ్చినప్పుడు రాండి సామీ. బాడుగ కట్టి ఈడనే ఒలిపించుకోండి. ఈడ్నించి మాత్రం కదల్దు."

కూలికి పిలవనని బెదిరించాడట.

"పిలవద్దులే సామీ" అన్నారట.

ఖాళీ బండి తోలుకుని వెళ్లిపోయాడు. అన్నట్టే కూలికి పిలవలేదు. వానల్లేని ఏడు అది. పక్క ఊళ్లకు నడిచి వెళ్లి పని చేసుకున్నారు. చివరికి విత్తనాల వేళకు ఆయన మనిషే వచ్చి, బాడుగ కట్టి, వరుసలో నిలబడ్డాడు.

ఆ రోజు ఆస్పత్రిలో వాళ్లు చెప్తుంటే అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నా కొడుకును ఎత్తుకున్నప్పుడు రాని కన్నీళ్లు అవి.

రిటైరయ్యాక మా ఇంటికి రమ్మని ఎన్నిసార్లు పిలిచానో. రాలేదు. ఆ పల్లెలోనే ఉండిపోయింది. సంఘానికి ఇప్పుడు కరెంటు మిషన్ ఉంది. పద్ధతి మాత్రం అదే.

నిన్న మేం వెళ్లేసరికి స్నానం చేయించి, కొత్త చీర కట్టి పడుకోబెట్టారు. ఖర్చంతా సంఘమే పెట్టుకుంది.

"అన్నీ మేం చూసుకున్నాం. నువ్వు కూసో చిన్నమ్మా" అని నాకు కుర్చీ వేశారు. నా అక్క దగ్గర, చుట్టపుచూపుగా వచ్చినదానిలా.

అంతా అయ్యాక, పొద్దున ఫోన్ చేసినామె నా కాళ్ల దగ్గర కూర్చుంది. తిప్పక్క మనవరాలట. ఆ ఊళ్లో పిల్లలంతా అక్కను అమ్మ అనే పిలుస్తారట.

"చిన్నమ్మా, మా అమ్మ సిన్నప్పుడు ఎట్లుండ్య? మాకేం తెల్దు. సెప్పు."

మిగతావాళ్లూ వచ్చి చుట్టూ కూర్చున్నారు.

నేను చెప్పలేదు.

ఆ ఊరికి వెళ్లకముందటి అక్క ఒక్కతే నాకు మిగిలింది. ఆమెను కూడా ఎలా పంచుతాను? వాళ్లకు చెప్పలేదు. ఇక్కడా రాయను.

వెళ్లిరా అక్కా. నీ వాళ్లు నీ అవసరం లేకుండానే నిలబడ్డారు. ఇకనైనా ఎవరు పిలిచినా లేవకు. హాయిగా నిద్రపో.