అండాలు కూర్చిన గడి

పొద్దున ఏడుంబావుకల్లా అండాలు ఆఫీసు తాళం తీసేది. మాదాపూర్‌లో కొత్తగా లేచిన పెద్ద భవనంలో, నాలుగో అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేరు కంపెనీ అది. ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం ఆమె ఉద్యోగం. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తొమ్మిదిన్నర దాటితే గాని రారు. ఆ రెండు గంటలూ బల్లమీది కంప్యూటరు, దాని వెనక ఇంటర్నెట్టు ఆమెవే. సిస్టమ్స్ చూసుకునే మధుసూదన్ ఒకరోజు చాట్ రూములోకి ఎలా వెళ్ళాలో చూపించి, "తొమ్మిదింటికి మాత్రం మూసెయ్యమ్మా" అని ఊరుకున్నాడు.

అది తెలుగు గళ్ళ నుడికట్టు పిచ్చి ఉన్నవాళ్ళ గది. వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు కూర్చిన గడి రాత్రిపూట అందరికీ మెయిలులో వచ్చేది. పొద్దున ఏడున్నరకు పదిమందో పన్నెండుమందో గదిలో చేరి దాన్ని పూరించేవాళ్ళు. తెలుగు అక్షరాలు కంప్యూటర్లో ఇంకా సరిగా రాని రోజులు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టుకుంటూ, మధ్యమధ్య కాఫీలైనాయా, అక్కడ వాన పడిందా అని పలకరించుకుంటూ కాలక్షేపం చేసేవారు. గదికి పెద్ద సోమేశ్వరరావు. కాకినాడలో తెలుగు లెక్చరరుగా పనిచేసి రిటైరయి, నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కున్నాడు. ఏ గడి అయినా ఆయన కన్నుపడి, ఆయన చెయ్యిపడి బయటికి రావాల్సిందే.

అండాలుకు ఈ పిచ్చి తండ్రి నర్సయ్య వల్ల పట్టింది. ఆయన బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. సామాను చుట్టి పారేసిన పాత పేపర్లు మదీనాగూడలో ఇంటికి తెచ్చేవాడు. గ్రీజు మరకల కింద సగం కనపడని గళ్ళను ఆ పిల్ల పెన్సిలుతో నింపుతూ కూర్చునేది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆమె తెలుగు బి.ఏ. ఇంటి దగ్గరే చదివి, టైపు నేర్చి, ఈ ఉద్యోగంలో కుదురుకుంది. ఇరవై ఆరేళ్ళు.

గదిలో చేరిన మొదటిరోజు andal అని పేరు కొట్టింది. సోమేశ్వరరావు వెంటనే "ఆండాళ్ గారూ, రండి రండి. ఎంత చక్కని పేరు" అన్నాడు. అండాలు అని దిద్దబోయి ఆగింది. అక్కణ్ణుంచి అలాగే సాగింది. అక్కడ ఆమె పుస్తకాల్లో చదువుకున్న తెలుగే రాసేది. వచ్చానండి, అలాగేనండి, చూశారాండి. నాలుగు నెలలు గడిచాక ఆయన, "మీ భాష చూస్తుంటే మీరు మావైపువారే అనిపిస్తుందండి" అన్నాడు. కాదని ఆమె అనలేదు. ఆ పొగడ్త రోజంతా తీపిగా ఉండింది కూడా.

1999 ఏప్రిల్‌లో వందో గడి వంతు ఆమెకు వచ్చింది. పది రోజులు కూర్చింది. అప్పటిదాకా ఆమె కూర్చినవన్నీ నిఘంటువు దగ్గర పెట్టుకుని కూర్చినవే. ఈసారి ఒక రాత్రి అన్నం తింటూంటే తల్లి కొమురమ్మ "జర నీళ్ళియ్యి బిడ్డ, దూపైతుంది" అంది. ఎడమచేత్తో చెంబు అందిస్తూనే అండాలు మనసులో రెండు గళ్ళు గీసుకుంది. అడ్డంగా దూప. దాని ప మీదుగా నిలువుగా సోపతి. కింద ఒక మూల తొవ్వ, పైన యాది. ఎండన పడి వచ్చినవాడికి మొదట అయ్యేది, రెండక్షరాలు. బడిలో మొదలై కాటిదాకా ఉండేది, మూడక్షరాలు. ఆధారాలు రాస్తూ తనలో తనే నవ్వుకుంది. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదనుకుని సోమేశ్వరరావుకు పంపింది.

మర్నాడు పొద్దున మెయిలు తెరిస్తే గడి ఉంది, పైన ఆమె పేరు ఉంది, నాలుగు మాటలు లేవు. దూప ఉన్నచోట దప్పి. సోపతి ఉన్నచోట, స్నేహానికి దగ్గరగా ఉండే పాత మాట ఒప్పిదం. తొవ్వ పోయి త్రోవ వచ్చింది. యాది పోయి స్మృతి వచ్చింది. పైన ఒక ముక్క: "ఆండాళ్ గారి గడి ఎంతో ముచ్చటగా ఉంది. నాలుగుచోట్ల దొర్లిన దోషాలు సవరించి పంపుతున్నాను."

ఆమె గదిలోకి వెళ్ళింది. అప్పటికే తొమ్మిదిమంది ఉన్నారు.

"సోమేశ్వరరావు గారూ, అవి దోషాలు కావండి. నేను కావాలనే పెట్టాను" అని కొట్టింది.

"దూప అన్న మాట నా దగ్గరున్న పుస్తకాల్లో లేదండి. యాది ఉర్దూ. హైదరాబాదులో ఉంటే మీలాంటివారికి కూడా ఆ గాలి సోకుతుంది లెండి" అని ఆయన జవాబు.

చలపతిరావు అని ఒకాయన ఉండేవాడు, గుంటూరు మనిషి, బ్యాంకు ఆఫీసరు. ఆయన అందుకున్నాడు. "మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ అచ్చం ఇలాగే మాట్లాడుతుందండీ. నూటొకటో గడి ఆవిడకే ఇద్దాం."

వరసగా నవ్వు గుర్తులు పడ్డాయి. ఒకటి, రెండు, ఐదు. ఐదోది సోమేశ్వరరావుది.

అండాలు కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. కొమురమ్మ ఆ సమయానికి ఎదుటి స్థలంలో లేస్తున్న కొత్త భవనం దగ్గర సిమెంటు గోడలకు నీళ్ళు పట్టే కూలి పనిలో ఉంటుంది. మొదట ఆమెకు చలపతిరావు మీద కోపం వచ్చింది. తర్వాత నవ్విన ఐదుగురి మీద వచ్చింది. ఫోను మోగితే ఎత్తి "గుడ్ మార్నింగ్" అని నవ్వు గొంతుతో అంది. పెట్టేశాక ఆ గొంతు తన చెవులకే కంపరం పుట్టించింది. పది నెలలుగా ఈ గదిలోనూ ఇదే గొంతుతో మాట్లాడింది గదా. వచ్చానండి, అలాగేనండి. అప్పుడు కోపం తనమీదికి తిరిగింది. అదే అన్నిటికంటే ఎక్కువ మండింది.

ఆ రాత్రి కంచం ముందు అన్నం కెలుకుతూ కూర్చుంటే కొమురమ్మ అడిగింది.

"ఏమైంది బిడ్డ? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"దూప అంటే తెలుగు కాదంట."

"మరేంది, ఇంగిలీషా?"

"ఏమో. పుస్తకంల లేదంట."

కొమురమ్మ గరిటె అందుకుంది. "అన్నోనికి ఎన్నడన్న దూపైందో లేదో అడుగకపోయినవ్" అని, కూతురి కంచంలో పప్పు వేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆరో అంతస్తు నుంచి అశ్విని టిఫిను డబ్బా పట్టుకుని దిగివచ్చింది. ఆమెది కడప. అదే భవనంలో మరో కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. గదిలో పరిచయమై తర్వాత ఒకే మెట్లమీద కలుసుకున్న మనిషి. అండాలు ఎవరో తెలిసింది ఆమె ఒక్కదానికే.

"నేనూ ఒకసారి చెనక్కాయలు అని పెట్టినా. వేరుశనగ చేసి పంపినాడు. ఊరికే ఉండిపోయినా" అంది అశ్విని.

"ఎందుకూకున్నవ్?"

"పెద్దాయన గదా అని."

"నేను గూడ గట్లనే ఊకున్న. అందుకే గిట్లయింది" అంది అండాలు. "ఆదివారం వాళ్ళింట్ల అందరు కలుస్తరంటగా. పోదాం."

వందో గడి సందర్భంగా హైదరాబాదులో ఉన్నవాళ్ళందరినీ సోమేశ్వరరావు తన ఇంటికి పిలిచాడు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నిజాంపేట ఫ్లాటులో ఎనిమిదిమంది చేరారు. ఆయన భార్య వీరలక్ష్మి పెసరట్లు వేసి ఒక్కొక్కరికే తెచ్చి ఇస్తోంది. సోమేశ్వరరావు సన్నగా, తెల్లటి లాల్చీలో, నిజంగానే సంతోషంగా ఉన్నాడు. అశ్వినిని పలకరించి ఆమె పక్కనున్న మనిషి వైపు చూశాడు.

"తమరు?"

"నేనే సార్ అండాలును. ఆండాళ్ కాదు, అండాలు."

ఆయన ముఖంలో సంతోషం అలాగే ఉంది గాని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టయింది. "అలాగా అమ్మా. కూర్చో, కూర్చో" అన్నాడు. మెయిళ్ళలో పది నెలలు మీరు అన్న మనిషి ఒక్క చూపులో నువ్వులోకి దిగాడు. అండాలు అది విన్నది.

చలపతిరావు పెసరట్టు తుంచుతూ "ఏ ఊరండీ మీది?" అన్నాడు.

"ఇదే ఊరు సార్. మదీనాగూడ. మా అమ్మ కూలికి పోతది. మీ ఇంట్ల అంట్లు తోమే ఆమె పేరేంది?"

చలపతిరావు తుంచిన ముక్క నోట్లో పెట్టుకోలేదు. "బుచ్చమ్మ. నేనేదో సరదాకి అన్నానమ్మా."

"ఆమె ముందట అన్నరా?"

అండాలు సోమేశ్వరరావు వైపు తిరిగింది. ఆమె గొంతు పెద్దది కాలేదు.

"యాది ఉర్దూ అన్నరు సార్. మొన్నటి మీ గడిల జవాబు అని పెట్టిండ్రు. దాని ముందలి దాంట్ల దస్తూరి అని పెట్టిండ్రు. అవెక్కడియి? సోపతి తీసేసి ఒప్పిదం పెట్టిండ్రు. ఒప్పిదం అని మీరు ఇంట్ల ఎన్నడన్న అన్నరా? మేడం, సార్ ఎన్నడన్న అన్నడా?"

పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ వీరలక్ష్మి, "నేనైతే వినలేదమ్మా. నా మాటలు కూడా ముప్ఫై ఏళ్ళుగా దిద్దుతూనే ఉన్నారు" అని లోపలికి వెళ్ళింది.

సోమేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డమనిషి కాడు. ఎదురుగా కూర్చున్న ఆడపిల్ల బాధపడుతోందని ఆయనకు అర్థమైంది. మెల్లిగా అన్నాడు.

"ఒక పని చేద్దామమ్మా. నీ మాటలు అలాగే ఉంచుదాం. పక్కన చిన్నగా మాం అని రాద్దాం. మాండలికం అని. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

గదిలో అందరికీ ఊపిరి ఆడింది. చలపతిరావు కూడా బాగుందన్నట్టు తల ఊపాడు.

"మరి దప్పి పక్కన ఏం రాస్తరు సార్?"

"దానికెందుకమ్మా. అది తెలుగేగా."

ఆ మాట కూడా అంతే శాంతంగా అన్నాడు. చలపతిరావు వెక్కిరింత కంటే ఆ శాంతమే అండాలును ఎక్కువ నొప్పించింది. వెక్కిరించినవాడితో దెబ్బలాడవచ్చు. ఈయన తనకేదో మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. ఆమె లేచి, ముట్టని పళ్ళేన్ని బల్లమీద పెట్టింది.

"ఆ గడి మీద నా పేరు తీసెయ్యుండ్రి. అది నేను కూర్చింది కాదు. తప్పు జరిగిందని అందరికి ఇంకో మెయిలు పంపుండ్రి."

"అరవైమందికి వెళ్ళిపోయిందమ్మా."

"అరవైమందికే పంపుండ్రి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. అశ్విని కూడా లేచింది. "పా, పోదాం" అంది.

సోమవారం పొద్దున ఏడున్నరదాకా అండాలు మెయిలు కోసం చూసింది. రాలేదు. అప్పుడు పాత మెయిళ్ళలోంచి అరవై పేర్లూ ఒక్కొక్కటే ఎత్తి రాసుకుని, తన గడిని తను కూర్చింది కూర్చినట్టే అందరికీ పంపింది. పైన రాసింది మొదటిసారి తన మాటలో రాసింది: "మొన్న మీకొచ్చిన గడి నాది కాదు. ఇది నాది. దీంట్ల తప్పుల్లేవు. నా పేరు అండాలు."

పదకొండుమంది పూరించి పంపారు. నలుగురు తిట్టారు. ఒకాయన ఇలాంటి గొడవలు సాహిత్యంలోకి తేవద్దని హితవు చెప్పాడు. మిగతావాళ్ళు ఏమీ అనలేదు, ఆ ఏమీ అనకపోవడాన్నే ఆమె చాలారోజులు తిట్టుకుంది. పూనాలో ఉద్యోగం చేసే కరీంనగర్ పిల్లగాడు లోహిత్ మాత్రం రెండు ముక్కలు రాశాడు. "అక్కా, ఏడు నెలల సంది గదిల ఉన్న. ఒక్కనాడు నోరు తెరవలే. దూప చూసినంక రాస్తున్న."

మంగళవారం ఆమె గదిలోకి పోబోతే తలుపు తెరుచుకోలేదు. పద్ధతి తప్పినందుకు విచారంతో ఆమె పేరు తొలగించామని సోమేశ్వరరావు నుంచి మర్యాదగా మెయిలు వచ్చింది. చివర ఆశీస్సులు కూడా ఉన్నాయి.

వారం తర్వాత అశ్విని ఇంకో గది తెరిచింది. అదే ఏడున్నర. మొదట ముగ్గురు, వానాకాలానికి ఏడుగురు. పెట్టుకున్న నియమం ఒకటే: కూర్చినవాళ్ళు తమ ఇంట్లో విన్న మాట అయితే ఎవరూ దిద్దకూడదు. పాతగది పాతగదిలాగే నడిచింది, ఇంకా పెరిగింది. అక్కడి మంది, ఆ సందడి ఇక్కడ లేవు. కొన్నాళ్ళు పొద్దున్నే అటువైపు మనసు లాగేది. అది కూడా ఆమెకు కోపం తెప్పించేది.

జూలైలో విశాఖ నుంచి నరసింహమూర్తి అనే గుమాస్తా చేరాడు. సొంతూరు శ్రీకాకుళం దగ్గర పల్లె. అతని మొదటి గడిలో మూడక్షరాల మాట ఒకటి ఎవరికీ అందలేదు. చివరికి అతనే చెప్పాడు, బుగత అని. భూమున్న ఆసామిని తమవైపు అలా అంటారట.

"ఈ మాట ఎన్నడు వినలే. ఇది ఎవరికి తెలుస్తది? వేరేది పెట్టరాదు?" అని అండాలు కొట్టేసింది. కొట్టాకే చదువుకుంది.

అవతలి నుంచి జవాబు వచ్చింది. "మా అయ్య బుగతోరి కమతంలోనే చచ్చాడండి. ఆ మాట నేను తియ్యను."

"తియ్యకుండ్రి. తప్పు నాది" అని రాయడానికి అండాలుకు రెండు నిమిషాలు పట్టింది. అశ్విని మధ్యలో ఏదో సర్దిచెప్పబోతే వద్దని ఆపింది. తొమ్మిదింటికి గది మూసింది. ఆ రోజంతా వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ, ఫోన్లు ఎత్తుతూనే ఉంది గాని, తనమీది కోపం సాయంత్రం దాకా దిగలేదు.