తుఫాను చేతికి విజిలు

టైలరు మాస్టారికి ఎడమ చెవి వినిపించదు. పుట్టుకతో వచ్చిన లోపం కాదు. వారమంతా కుట్టుమిషను తొక్కి, ఆదివారం ఫుట్‌బాల్ మైదానంలో రిఫరీగా విజిలు ఊదడం ఆయనకి సరదా. ఒకరోజు పెనాల్టీ ఇవ్వలేదన్న కోపంతో ఓ ఫార్వర్డు లాగి ఒక్కటిచ్చాడు. కర్ణభేరి పగిలింది. కొట్టినవాడు జైలుకెళ్ళాడు. మాస్టారు మళ్ళీ విజిలు ముట్టుకోలేదు.

ఆ కుర్రాణ్ణి ఊళ్ళో తుఫాను అనేవాళ్ళు. ఆటా అంతే, కోపమూ అంతే.

చెవి పోయాక ఆ ఇల్లు తనదైన పద్ధతిలో సర్దుకుంది. మాస్టారి భార్య ముచ్చట్లన్నీ కుడివైపు కూర్చుని చెప్పేది, తిట్లన్నీ ఎడమవైపు నిలబడి తిట్టేది. "తిట్టకపోతే నాకు తోచదు, వింటే ఆయనకి ముద్ద దిగదు" అని పక్కింటావిడతో అని నవ్వేది. మాస్టారు కూడా తక్కువ తినలేదు. ఎడమపక్క పెదవులు కదులుతుంటే చాలు, "అలాగేలే, నువ్వెంత చెబితే అంత" అని తలూపేవారు.

తుఫాను జైలు నుంచి వచ్చాక ఏ జట్టూ గడప తొక్కనివ్వలేదు. అప్పుడు ఊరి జట్టు కోచ్ ఒక మధ్యాహ్నం టైలరు షాపుకొచ్చి, కత్తిరింపుల బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, వాణ్ణి తీసుకుందామనుకుంటున్నాను. మీరు కాదంటే ఇక ఆ మాటే ఎత్తను."

తెర వెనక గుండీలు కుడుతున్న ఇల్లాలు సూదితో సహా బయటికొచ్చింది. "ఏం అన్నయ్యా, ఊళ్ళో కాళ్ళున్నవాళ్ళే కరువయ్యారా? కుక్క తోక ఎక్కడైనా తిన్నగా అవుతుందా?"

కోచ్ తల దించుకున్నాడు. మాస్టారు సుద్దముక్కతో గుడ్డ మీద గీసిన గీతనే మళ్ళీ గీశారు. ఆయనేం మహాత్ముడు కాదు. ఎడమపక్క నిలబడి ఎవరో కొలత చెబితే వినపడక, చొక్కా చేతులు పొట్టిగా కుట్టి మాట పడ్డ రోజున, ఆ కుర్రాడి చెయ్యి విరగాలని మనసులో శపించారు కూడా. కానీ ఆరోజు మైదానంలో ఆ దెబ్బకి ముందు ఇంకొకటి జరిగింది. ముగ్గుర్ని దాటుకుంటూ తుఫాను కొట్టిన గోలు చూసి, మాస్టారు విజిలు ఊదడమే మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డారు. ఎంత కోపమొచ్చినా ఆ గోలు మాత్రం కళ్ళముందు నుంచి పోలేదు.

"బంతి తర్వాత ఇద్దురుగాని. ముందు విజిలివ్వండి," అన్నారు చివరికి. "ఈ సీజనంతా ఆదివారం పొద్దుటి మ్యాచ్‌లకి వాణ్ణి రిఫరీగా నిలబెట్టండి. నెగ్గుకొస్తే అప్పుడు చూద్దాం."

ఆదివారం పొద్దుటి మ్యాచ్‌లంటే బొజ్జలు పెరిగిన బేకరీవాళ్ళు, లారీ డ్రైవర్లు, మంగలి, పోస్ట్‌మ్యాన్ ఆడేవి. రూల్స్ ఒక్కరికీ తెలియవు, అరవడం అందరికీ తెలుసు. వేరే దారిలేక తుఫాను ఒప్పుకున్నాడు. మొదటి ఆదివారమే మాస్టారి భార్య ఇంట్లోంచి స్టూలు మోసుకొచ్చి గీత పక్కనే వేసుకుంది.

"కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా నాయనా? ఆ బంతి చేతికి తగల్లేదూ?"

"నువ్వు కూడానా?" అన్నారు పక్కనే కూర్చున్న మాస్టారు.

"ఎన్నాళ్ళనుంచో కడుపులో దాచుకున్నాను, కాసేపు ఊరుకోండి."

తుఫాను చెవులదాకా ఎర్రబడి, విజిలు ఊది ఆట సాగించాడు. వారాలు గడిచాయి. ఒక ఆదివారం పర్వతంలాంటి బేకరీ ఆయన గోలు ముందు తనంతట తానే జారిపడి, పెనాల్టీ కావాలన్నాడు. తుఫాను కాదన్నాడు. అంతే, ఆయన లేచొచ్చి కాలరు పట్టుకున్నాడు. తుఫాను పిడికిలి బిగుసుకుంది. మాస్టారు కూర్చున్నచోటు నుంచి లేచారు.

తుఫాను ఒక అడుగు వెనక్కి వేశాడు. బిగిసిన పిడికిలి మెల్లగా విప్పి, జేబులోంచి ఎర్రకార్డు తీసి పైకెత్తాడు.

ఆట అయిపోయాక గోలు వెనక గడ్డిలో తల పట్టుకు కూర్చున్న వాడి దగ్గరికి మాస్టారు వెళ్ళి కూలబడ్డారు. వాడేదో గొణిగాడు.

"ఇటుపక్కకి రారా. అటు వినపడదు."

ఆ మాట వినగానే వాడు ఘొల్లుమన్నాడు. కుడివైపుకి జరిగి కళ్ళు తుడుచుకున్నాడు. "వాడు కాలరు పట్టుకుంటేనే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి మాస్టారూ. మీకు ఆరోజు ఎలా ఉందో... క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు."

"క్షమించానో లేదో నాకే తెలీదురా. కొన్నాళ్ళు క్షమిస్తాను, కొన్నాళ్ళు మళ్ళీ ఒళ్ళు మండుతుంది. నీ ఆట మాత్రం చూడాలనుంది."

మరుసటి సీజనుకి తుఫాను జట్టులోకొచ్చాడు. కప్పు రాలేదు, నడిమి స్థానంతో సరిపెట్టుకున్నారు. వాడున్నాడని మ్యాచ్‌లకి రావడం మానేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళని మాస్టారు తప్పుపట్టరు. ఒకసారి వాడు రిఫరీ మీద గొంతు లేపి పసుపుకార్డు తెచ్చుకున్నాడు. ఆట ముగిశాక తనే వెళ్ళి ఆ రిఫరీకి దణ్ణం పెట్టొచ్చాడు. మాస్టారి భార్య ఇప్పటికీ వాడితో ముక్తసరిగానే మాట్లాడుతుంది. గోలు కొడితే మాత్రం అందరికంటే ముందు ఆవిడే లేస్తుంది, లేచాక నాలుక్కరుచుకుని కూర్చుంటుంది.

మొన్నామధ్య పొరుగూరి కోచ్ షాపుకొచ్చాడు. కొట్లాటలో ఒకతన్ని గాయపరిచి శిక్ష అనుభవించిన గోల్‌కీపరు ఉన్నాడట, జట్టులోకి తీసుకోవచ్చా అని అడిగాడు.

"నన్నడిగితే ఏం లాభం? దెబ్బ తిన్నాయన్ని అడిగారా?" అన్నారు మాస్టారు.

"వెళ్ళాను. తలుపు తియ్యలేదు."

"అయితే తీసేదాకా ఆగండి," అని మాస్టారు అతనికి కూర్చోమని కుర్చీ జరిపారు.