వెనక్కి తిప్పిన నల్లా

మొన్న ఆదివారం ఆత్మకూరులో మా ఇంటి వెనక, బోళ్ళు తోమే గట్టు మీది నల్లాను నేనే మార్చాను. కొత్తదాని మరలకు నీళ్ళు కారకుండా తెల్ల టేపు చుట్టి పానాతో బిగిస్తే, సరిగ్గా గట్టిపడే సమయానికి దాని మూతి గోడవైపు పోయి ఆగింది. ఇంకా ముందుకు తిప్పితే పైపు పగులుతుందని భయం, అలాగే వదిలేద్దామంటే కంటికి నచ్చదు. కొంచెం వెనక్కి తిప్పి మూతిని కిందికి తెచ్చాను. నీళ్ళు వదిలి చెయ్యి తుడుచుకునేలోపే మర దగ్గర చెమట పట్టినట్టు ఒక చుక్క పుట్టింది. దాన్ని చూస్తూ అక్కడే కూర్చుండిపోయాను. ఆ చుక్కను నేను ఎరుగుదును. దాని పేరు చెప్పి ఒక మనిషిని ఏండ్ల తరబడి ఆడిపోసుకున్నాను.

ఆ మనిషి నా భార్య తమ్ముడు. జడ్చర్లలో మందుల కంపెనీలో పని. ఇంటింటికీ నల్లా నీళ్ళు వచ్చిన కొత్తలో, సెలవు రోజు చూసుకుని, సంచిలో పానాలు వేసుకుని మా గట్టు మీద నల్లా పెట్టడానికి వచ్చాడు. అప్పటికే నాకు అతని మీద కోపం ఉంది. అతని కొడుకు పుట్టువెంట్రుకల దావత్‌లో, బావనైన నాకు వెయ్యాల్సిన నల్లిబొక్కను, ఆ మూలుగు నిండిన ఎముకను, తీసుకెళ్ళి తన సూపర్‌వైజరు విస్తరిలో వేశాడు. అదేమని అడిగితే, ఇంకో యాట కోసినప్పుడు రెండు వేస్తానులే అని నవ్వాడు. కూర అరిగింది గానీ ఆ నవ్వు అరగలేదు. అందుకే అతను బిగించిన నల్లా గోడవైపు తిరిగి ఆగినప్పుడు నాకు లోలోపల సంతోషమే అయింది. సూటిగా తిప్పమన్నాను.

"వెనక్కి తిప్పితే నీళ్ళు ఊరుతయ్ బావా. ఇప్పి మళ్ళ చుట్టాలె. టేపు ఒడిసింది, రేపు తెస్త."

"రేపటిదాంక మా నల్లా గోడతోని ముచ్చట పెట్టుకుంటదా? సీదా జెయ్."

అతను వాళ్ళ అక్క వైపు చూశాడు. ఆమె చీపురు పట్టుకుని నేలకేసి చూస్తోంది. మళ్ళీ పానా అందుకుని వెనక్కి తిప్పాడు.

ఆ సాయంత్రమే ఊట మొదలైంది. కడవలు నిండే ధార కాదు, ఆగి ఆగి జారే చుక్క. మా ఇంటికి చాయ్‌కి వచ్చినవాళ్ళను ముందుగా పెరట్లోకి తీసుకుపోయి ఆ చుక్కను చూపించేవాణ్ణి. అతను రేపు టేపు తెస్తానన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు అది నాకే గుర్తు లేనట్టు నటించడం అలవాటైంది. తర్వాత ఒక పెండ్లిలో, అతని అత్తగారి వాళ్ళు వరుసగా కూర్చుని తింటుండగా, ఇంట్లో నల్లా బిగించరానివాడు కంపెనీలో ఏం బిగిస్తున్నాడో అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వి, సగం అన్నం విస్తరిలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

రాఖీ నాడు నా భార్యే మొదటి బస్సు పట్టుకుని జడ్చర్ల పోయి, కట్టి, పొద్దు గూకేసరికి తిరిగి వచ్చేది. బాగున్నాడా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మర కింద ఒక చిన్న గిన్నె పెట్టి, నిండినప్పుడల్లా చిక్కుడు పాదుకు పోసేది. ఆమె ఏమీ అనకపోవడం నా వైపు ఉన్నట్టే అనుకున్నాను.

మొన్న నల్లాను మొత్తం విప్పి, టేపు ఇంకొన్ని చుట్లు ఎక్కువ చుట్టి బిగించాను. మూతి కిందికి వచ్చే చోటనే గట్టిపడింది. ఊట లేదు. నా భార్య అలవాటుగా గిన్నె పెట్టబోయి, మర కింద వేలు పెట్టి చూసింది. పొడిగా ఉన్న వేలిని కాసేపు చూసుకుంది.

"వాడు గిట్లనే జేస్త అన్నడు గదా," అన్నది.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నేను జవాబు చెప్పేవాణ్ణి.

లోపలికి పోయి ఫోన్ చేశాను. అతను ఎత్తగానే, "ఎవలకన్న పానం బాగలేదా బావా?" అన్నాడు. నా నుంచి ఫోన్ వస్తే అతనికి తోచింది అదొక్కటే. తప్పు నాదే అని చెప్పాలనుకున్నాను గానీ నల్లా ముచ్చటే నోటికి వచ్చింది. "నల్లా మార్చిన. ఆనాడు నువ్వు చెప్పినట్లనే ఇప్పి మళ్ళ చుట్టిన," అన్నాను.

"కారుతలేదు గదా?"

"లేదు."

"అయితే మంచిదే. అక్కకియ్యి."

ఇచ్చాను. ఆమె ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోయింది. ఏం చెప్పాడో గానీ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రమ్మని అనడానికి నాకు నోరు రాలేదు, వస్తానని అతనూ అనలేదు. ఒకే కప్పు కింద గడిచిన అవే ఏండ్లు నాకు కోపంగా, ఆమెకు తమ్ముడు రాని పండుగలుగా గడిచాయి. నావి ఇప్పుడైనా వదులుకోగలను, ఆమెవి తిరిగి తెచ్చి ఇవ్వలేను.