గడపకింత పన్ను

మా ఊళ్లో అప్పట్లో రెండు పార్టీలుండేవి. వాటికి జెండాలూ గుర్తులూ ఏవో ఉండే ఉంటాయి గానీ మాకు మాత్రం ఒకటి మిద్దెల పార్టీ, రెండోది కొట్టాల పార్టీ. ఎవరు ఎటో పేర్లే చెప్పేవి. మాది కొట్టాల పార్టీ. పామిడికీ గార్లదిన్నెకూ మధ్య ఊరు, ఆ ఊరి చివర మా వీధి. మా నాయన దూదేకేవాడు. ఆయనా, ఆయన ముగ్గురు తమ్ముళ్లూ ఒకే పొడవాటి కొట్టంలో మట్టిగోడలు అడ్డం పెట్టుకుని నాలుగు కాపురాలు చేసేవారు. కొట్టం ఒకటే అయినా వీధిలోకి నాలుగు గడపలు.

పెన్నలో ఏడాదిలో చాలాకాలం ఇసుకే ఉంటుంది. ఆ ఇసుకను తోడి చెలమ చేసి, ఊరిన నీటిని చిప్పతో ముంచి కడవలో పోసుకోవాలి. ఎండలు ముదిరేకొద్దీ చెలమ లోతుకు పోతుంది. మా అమ్మ అందులోకి తల కూడా కనిపించనంతగా వంగేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నిండుకడవ నెత్తిన పెట్టుకుని లేవాలంటే నా భుజం పట్టుకోవాల్సిందే. ఆ పట్టుకు నా భుజం కందిపోయేది. ఆమె మా నాయనను ఎప్పుడూ నగ అడగలేదు, చీర అడగలేదు. ఆయన పంచాయతీ మెంబరయ్యాక మాత్రం ఒకే ఒక్కటి అడిగింది. మా వీధిలో ఒక బావి.

నాయనను మెంబరును చేసింది మా మామ. రక్తసంబంధం ఏమీ లేదు. ఆయన మెట్టపొలాల రైతు, కొట్టాల పార్టీకి పెద్ద. నాయనను బావా అనేవాడు, అమ్మను అక్కా అనేవాడు, మా ఇంట్లో కూర్చుని జొన్నరొట్టె తినేవాడు. ఆయన కూతురి పెళ్లికి పరుపులు మా నాయనే కుట్టి ఇచ్చాడు, కూలి పుచ్చుకోలేదు. మామ కూతురి పెళ్లికి కూలేమిటని అమ్మ కూడా అన్నది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. ఏ ఊరు ఇంటిపన్ను పెంచుకుంటే ఆ ఊరికి పైనుంచి కూడా సొమ్ము కలుస్తుందని సమితి వాళ్లు చెప్పిపోయారు. అక్కడ మొదలైంది బేరం. మిద్దెల పార్టీకి పెద్ద మా ఊరి ప్రెసిడెంటే, శెనక్కాయల మిల్లు ఆసామి. పన్ను పెంచకూడదని ఆయన పట్టు. పెంచితే మాత్రం ఆ సొమ్ముతో మిల్లు దాకా రోడ్డు వేయాలట. మావాళ్లు అంకణాల లెక్కన పన్ను వేయమన్నారు. అంకణమంటే రెండు స్తంభాల నడిమి చోటు. పెద్ద మిద్దెకు ఎక్కువ అంకణాలు కాబట్టి ఎక్కువ పన్ను, మా కొట్టాలకు తక్కువ. వచ్చిన సొమ్ముతో మా వీధిలో బావి తవ్వాలన్నారు.

చావిడిలో వారాల తరబడి కూర్చున్నారు, అరుచుకున్నారు, బీడీలు కాల్చారు, లేచిపోయారు, మళ్లీ కూర్చున్నారు. నాయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే అమ్మ అడిగేది, "బావి మాట వచ్చిందా?" అని.

ఒక సాయంత్రం మామ మా ఇంటికి నవ్వుతూ వచ్చాడు.

"కుదిరింది బావా. అంకణాల లెక్కకు ప్రెసిడెంటు సచ్చినా ఒప్పుకోడు. గడపకింత అంటే ఒప్పుకుంటానన్నాడు. అందరికీ ఒకటే పన్ను. రోడ్డు వాళ్లకు, బావి మనకు."

నాయన కాసేపైనా ఆలోచించి ఉంటే బాగుండేది. కానీ గడపకింత అన్న మాట ఆయనకు చిన్నప్పటినుంచీ తెలిసిన మాట. పీర్ల పండగకు మా ఊళ్లో చందా అలాగే వేస్తారు. హిందువులని లేదు, ముస్లిములని లేదు, గడపకు ఒక చందా. ఆఖరి రోజు రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీదా పంచేటప్పుడు గడపకు ఒక పాలు. ప్రెసిడెంటు మిద్దెకు వెళ్లే ముద్ద ఎంతో, మా గుడిసెకు వచ్చే ముద్దా అంతే. ఆ చందా వసూలు చేసేదీ, మలీదా పంచేదీ మా నాయనే. ఆయన చూసిన న్యాయమంతా అందులోనే ఉంది.

మా చిన్నమ్మ ఒక్కతే అడ్డం వచ్చింది. "మిద్దెది ఒకే గడప కదా బావా, మనవి నాలుగు."

"పండక్కి నాలుగు పాళ్లు తెచ్చుకుంటాండాం గదా? అప్పుడు చేదు కాలేదే!" అని నాయన నవ్వాడు. అందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వింది.

వీధిలో ఇల్లిల్లూ తిరిగి నాయనే ఒప్పించాడు. మామ చెప్తే ఒకరిద్దరు అనుమానపడేవారేమో, పీర్లను ఎత్తుకునే మనిషి చెప్తే ఎవరికి అనుమానం? చావిడిలో రెండు పార్టీలూ కలిసి చేతులెత్తాయి. మామ మా నాయనను అందరి ముందూ కౌగిలించుకున్నాడు. అంత సంతోషంగా నాయన ఇంటికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

పన్ను వెంటనే వచ్చింది. బావి కొంచెం ఆలస్యంగా వచ్చింది. తవ్వకం మొదలుపెడతారని తెలిసిన రోజు అమ్మ పొద్దున్నే తలకు పోసుకుని, బెల్లం చిదిమి గిన్నెలో పెట్టుకుని, మా వీధి మొదట్లో ఖాళీ జాగాలో నిలబడింది. పనివాళ్లకు నోరు తీపి చేయాలని ఆమె ఆశ. వీధి ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఎండ నెత్తికెక్కింది. ఎవరూ రాలేదు. అంతలో బండను పగలేసే తూటా ఒకటి ఢామ్మని పేలింది. మా వైపు కాదు, ఊరికి తూర్పున, మామ పొలం దగ్గర.

అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉంది. "మన బావి కాదులే" అన్నది, మాకు ధైర్యం చెబుతున్నట్టు.

నాయన అటు పరుగెత్తాడు, ఆయన వెనక నేను. మామ పొలం గట్టున మంచం వేసి ఉంది. మంచం మీద మామా, ప్రెసిడెంటూ పక్కపక్కన కూర్చుని కాఫీ తాగుతున్నారు. వారాల తరబడి ఒకరినొకరు తిట్టుకున్న మనుషులు!

"ఏమప్పా ఇది?" అన్నాడు నాయన.

"మీ వీధిలో ఉప్పునీళ్లు పడతాయంట బావా. ఈడయితే తీపినీళ్లు. ఊరి బావేగా, ఎవరొద్దన్నారు? అక్కను వచ్చి తోడుకోమను" అన్నాడు మామ. నాయన ముఖం చూడలేదు, నా ముఖమూ చూడలేదు.

ప్రెసిడెంటు మాత్రం మర్యాదగానే మాట్లాడాడు. "బావి అడిగినారు, ఇచ్చినాం. యాడ తవ్వాలని మీరు అడగలేదు కదప్పా."

నిజమే, అడగలేదు. పండగలో తన పాలు ఎక్కడ పెడతారని ఎవరైనా అడుగుతారా? అంకణాల లెక్క వదులుకున్నందుకు మామకు దక్కింది ఆ బావి. మరుసటి కారుకు ఆయన రెండెద్దులతో కపిల తోలి ఊరి బావి నీళ్లు తన శెనక్కాయ చేనుకు పారించుకున్నాడు. చుట్టూ నేలంతా ఎండి నెర్రెలు విచ్చితే ఆ ఒక్క చేనూ పచ్చగా ఉండేది. ఇప్పుడు కూడా పేపర్లో రెండు పార్టీలు పన్నుల మీద రాజీకొచ్చాయని చదివితే, ఆ మంచమూ ఆ కాఫీ గ్లాసులే కళ్లముందు కనిపిస్తాయి.

నాయన ఎవరితోనూ పోట్లాడలేదు. ఆ తూటా పేలిన మర్నాడు తమ్ముళ్లను పిలిచి, మట్టి తొక్కించి, మూడు వాకిళ్లు మూసేశాడు. లోపలి గోడలకు మనిషి దూరేంత కంతలు పెట్టించాడు. "గడపలుంటే గదా పన్ను" అన్నాడు. వీధిలో మిగతావాళ్లూ అదే చేశారు. నాలుగు కాపురాలూ మా గది గుండానే వచ్చిపోయేవి. అమ్మ పొయ్యి ముందు కూర్చుంటే చిన్నాన్నలు ఆమెను దాటుకుంటూ వెళ్లేవారు, ఆమె ప్రతిసారీ కొంగు సర్దుకునేది. ఆ ఏడు పీర్ల పండక్కి మలీదా పంచుతూ నాయన మా ఇంటికి ఒక్క పాలే ఇచ్చుకున్నాడు. పిల్లలం ఏడ్చినా వినలేదు. "ఒక గడపకు ఒకటే" అన్నాడు. ఆ న్యాయాన్ని ఆయన ఒక్కడే ఇంకా పట్టుకుని ఉన్నాడు.

ఆ బావి నీళ్లు ఈ ఇంట్లోకి రాకూడదని కూడా అన్నాడు. అమ్మ మళ్లీ పెన్నకే నడిచింది. ఆ మరుసటి ఏడు వానే లేదు. చెలమలు ఎంత తోడినా బురదే. ఒకరోజు అమ్మ చెలమలోకి దిగి పైకి లేవలేకపోయింది. నేనూ మరొకామె కలిసి బయటికి లాగాం. ఇసుకలో కూర్చుని ఆమె చాలాసేపు మోకాళ్లు పట్టుకుంది. తర్వాత ఖాళీ కడవ చంకన పెట్టుకుని తూర్పుకు నడిచింది. బావి దగ్గర మామ భార్య, "రా వదినా, ఇన్నాళ్లకు వస్తివే" అన్నది. అమ్మ తలెత్తలేదు. నీళ్లు తోడుకుని వచ్చేసింది.

నాయన దూది ఏకి ఏకి, గొంతులో నూగు పట్టి, దగ్గుతూ లోపలికి వచ్చాడు. అమ్మ చెంబు అందించింది. ఆయన గటగటా తాగి, ఆగి, మళ్లీ తాగాడు.

"తియ్యగా ఉండాయే! ఏ చెలమవి?"

"కొత్త చెలమ" అన్నది అమ్మ, పొయ్యిలోకి చూస్తూ.

"సూడు, అందరూ మోసం చేసినా పెన్నమ్మ చేయలేదు మనకు" అన్నాడు నాయన. ఎన్నో నెలల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను. ఖాళీ చెంబు మళ్లీ ముందుకు చాపాడు. అమ్మ కడవ వంచి నిండా పోసింది.