మాలిక్ తినని జిలేబీలు

మే నెల గుంటూరు ఎండలో మనిషి స్వెట్టర్ వేసుకుని తిరిగితే జనం రెండోసారి చూస్తారు. మాలిక్ విషయంలో మాత్రం చూడటం మానేశారు. ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. "ఇరవై రెండేళ్ళుగా ఈ చలిగదుల్లో తిరుగుతున్నానా, చలి ఎముకల్లో నిలవుండిపోయింది" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. బస్తాలో మిరపకాయ ఏడాది నిలవుంటున్నప్పుడు మనిషిలో చలి ఎందుకు ఉండదు అనుకుని హమాలీలు కూడా నమ్మేశారు.

మాలిక్‌ది మిరపకాయల మీదే కాదు, షుగరు జబ్బు మీద కూడా సూపర్‌వైజరు ఉద్యోగమే. తనకి షుగరొచ్చి ఏడేళ్ళు. కాయ తుంచి వాసన చూసి తేమ చెప్పినట్టే, మొహం చూసి ఎదుటివాడి షుగరెంతో చెప్పేవాడు. కాయల దగ్గర ఎప్పుడూ తప్పు పోలేదు. పెళ్ళిళ్ళలో తన విస్తట్లో లడ్డూ వేయించుకోడు సరే, పక్కవాణ్ణి కూడా తిననిచ్చేవాడు కాదు. "నాలుక మీద అదుపున్నవాడే మగాడు" అనేది ఆయన సిద్ధాంతం. భార్య కరీమున్ ఆరేళ్ళుగా పరగడుపున థైరాయిడ్ బిళ్ళ వేసుకుని, టీ కోసం గంటసేపు గడియారం చూస్తూ కూర్చునేది. దానిమీదా ఆయనకో సిద్ధాంతం ఉంది. "అది ఆడాళ్ళ జబ్బు. ఒళ్ళు వంచకపోతే వచ్చుద్ది."

అంతటి మాలిక్‌కి ఆర్నెల్లుగా షుగరు దిగనని మొండికేసింది. కొలెస్ట్రాల్ దానికి తోడు పోయింది. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. బొజ్జ చొక్కా గుండీలతో తగువు పెట్టుకుంది. లారీలోంచి బస్తాలు దిగుతుంటే నిలబడే కునుకు తీసేవాడు.

"మీరు బయటెక్కడో తింటున్నారు" అంది కరీమున్.

"ఆవగింజంత తీపి ముట్టుకుంటే ఒట్టు."

"ఆవగింజ తినకుండానే ఆరు కిలోలు పెరిగారా?"

ఆ మాట మాలిక్‌కి మిరప తొడిమలా గొంతులో గుచ్చుకుంది. ఊళ్ళో తనకున్నదే ఆ ఒక్క పరువు. అదీ ఇంట్లోనే పోతే ఎలా? అసలు సంగతేమిటో తేల్చుకుందామని ఒక్కడే డాక్టరు దగ్గరికి బయల్దేరాడు.

డాక్టరు లిడియా ముందుగా స్వెట్టర్ వైపు చూసింది. మాలిక్ ఎముకల్లో నిలవున్న చలి గురించి చెప్పాడు.

"మీతో పనిచేసే హమాలీలు కూడా స్వెట్టర్లు వేసుకుంటున్నారా అండి?"

హమాలీలు బయటికి రాగానే చొక్కాలు విప్పి విసురుకుంటారు. ఈ సంగతి ఇన్నాళ్ళూ మాలిక్ కళ్ళకి ఆనింది గానీ బుర్రకి ఆనలేదు.

రక్త పరీక్ష ఫలితం వచ్చాక ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "మీ మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించిందండి. ఒంట్లో పొయ్యికి సెగ తగ్గినట్టు అనుకోండి. చలేస్తుంది, మత్తుగా ఉంటుంది, తినకపోయినా బరువు పెరుగుతారు, కొలెస్ట్రాల్ పెరుగుతుంది, షుగరు కూడా చెప్పిన మాట వినదు. షుగరున్నవాళ్ళలో ఇది తరచుగా చూస్తుంటాం. షుగరు మందులు మానకుండా, ఈ బిళ్ళ కూడా పరగడుపున వేసుకోండి."

"మేడమ్, ల్యాబులో ఎవరో ఆడమనిషి రక్తంతో తారుమారైందేమో."

"మగాళ్ళకీ మెడ ఉంటుందండి" అంది లిడియా, చీటీ రాస్తూ.

ఇప్పుడు చూడండి మాలిక్ కష్టం. దొంగతిండి తినలేదని నిరూపించే కాగితం చొక్కా జేబులోనే ఉంది. బయటికి తీస్తే ఆడాళ్ళ జబ్బు బయటపడుతుంది. తీయకపోతే దొంగతిండి ఖాయమవుతుంది. ఇరవై రోజులు మందు కొనకుండా, రోజుకింత ఉబ్బుతూ ఆలోచించాడు. చివరికి ఒకరోజు కరీమున్ నిలదీస్తే తల వంచుకుని, "బాషా మిఠాయి కొట్లో జిలేబీలు తింటున్నాను" అని ఒప్పేసుకున్నాడు. చెయ్యని నేరం ఒప్పుకోవడంలో ఇంత హాయి ఉంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

ఆ హాయి ఒక్క రాత్రే. తెల్లారి కోల్డ్ స్టోరేజీకి బాషా ఫోను చేశాడు. "అన్నా, వదిన కొట్టు ముందు నిలబడింది. నీకు జిలేబీలు పెట్టి చంపుతున్నానంట. బేరాలన్నీ వెనక్కి పోతున్నాయి. నువ్వసలు మా కొట్టు మెట్టెక్కి రెండేళ్ళయింది కదా అన్నా."

మాలిక్ వెళ్ళేసరికి కొట్టు ముందు పదిమంది చేరారు. కనిగిరి వైపు నుంచి కోల్డ్ స్టోరేజీలో కాయలు దాచుకోను వచ్చిన రైతు యలమందయ్య, బారు మీసాలాయన, టీ గ్లాసు పట్టుకుని తమాషా చూస్తున్నాడు.

"బాషా కాదు, వేరే కొట్టు" అన్నాడు మాలిక్.

"ఏ కొట్టు? పదండి, అక్కడికీ పోదాం" అంది కరీమున్, చెంగు బిగించి.

గుంటూరులో మిఠాయి కొట్లెన్నో మాలిక్‌కి ఒక్కసారిగా గుర్తొచ్చింది. అన్నిటిముందూ కరీమున్ నిలబడినట్టు కనిపించింది. జేబులోంచి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నేనే కొట్లోనూ తినలేదు. నాకు థైరాయిడ్."

ఎవరూ నవ్వలేదు. యలమందయ్య మాత్రం పక్కకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "టీఎస్‌హెచ్ ఎంతుంది?"

"పద్దెనిమిది."

"నాకు ఇరవయ్యారు ఉండె. బిళ్ళేసుకుంటే దిగింది. గెట్టిగా అనబాక, మా వాళ్ళకి తెలీదు."

కరీమున్ కాగితం మీద తేదీ దగ్గర ఆగింది. "ఇరవై రోజుల కిందటిది. మందు లేకుండా తిరిగారు. జిలేబీ దొంగ అనిపించుకోను సిద్ధపడ్డారు గానీ, నాకున్న జబ్బే మీకూ ఉందని చెప్పుకోను నామోషీ వచ్చింది. అంతేనా?"



ఆమె బాషా వైపు తిరిగి, "నిన్ను ఊరికే అన్నానురా, ఏమనుకోమాక" అంది. అని మొగుడి చెయ్యి పట్టుకుని వీధి దాటించి మందుల షాపుకి తీసుకెళ్ళింది. షాపు నడిపే రంజాన్ ఆమె అక్క కొడుకే.

"థైరాయిడ్ బిళ్ళల డబ్బా ఒకటియ్యరా."

"నీది అప్పుడే అయిపోయిందా పిన్నీ?"

"నాక్కాదు. మీ బాబాయికి."

ఎదురుగా ఆటో స్టాండులో ఉన్నవాళ్ళకి కూడా వినిపించేట్టే అంది. పైగా, "ఎవరికి?" అని ఎవరో అడిగితే ఇంకోసారి చెప్పింది. ఆమె చెప్పిన ప్రతిసారీ మాలిక్, పక్కనే నిలబడి, అవునన్నట్టు తలూపాడు.