రొయ్యల చెరువు వైపు చూపిన వేలు

ఈ వేసవిలో జరిగిన అన్యాయాలను ముందుగా వరసలో పెడుతున్నాను.

ఏప్రిల్: ఉప్పలగుప్తం దగ్గరి పల్లెలో ఒకావిడ నుయ్యి ఉప్పుబారిందని నేను రాసిన వార్త అమలాపురంలోని పత్రిక కార్యాలయానికి చేరింది. అచ్చు కాలేదు.
మే: వార్తతో పంపిన ఫొటో మాత్రం, వేరే మాటలతో అచ్చయింది.
మే, అదే వారం: సవరణ వేయమని అడిగాను. వేయలేదు.
జూన్: నుయ్యి గురించి ఆమె మండల కార్యాలయంలో ఇచ్చిన అర్జీని, ఆ ఫొటో చూపించి పక్కన పెట్టారు.

తపాలా శాఖలో ఉద్యోగ విరమణ చేశాక, వార్త రాయడం నేర్చుకుందామని ఆ పత్రిక పెట్టిన గ్రామీణ విలేకరుల తరగతులకు వెళ్ళాను. అక్కడ నాకన్నా పెద్దవాడు లేడు. పాఠాలు నాకు నచ్చాయి. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్నవి మొదటి పేరాలోనే తేలిపోవాలన్నారు. ఎవరి మీద ఆరోపణ వస్తే వారినీ అడగాలన్నారు. విన్నదాన్ని చూసినట్టు రాయకూడదన్నారు. జీవితమంతా పత్రిక చదివినా, దాని వెనక ఇంత నిష్ఠ ఉంటుందని నాకు తెలియదు.

ఫొటో పాఠం మాత్రం చిన్నది. "ఊరికే నిలబడితే ఎవరేస్తారండీ? పాడైనదాని వైపు వేలు చూపించమనండి, బాబాయిగారూ," అన్నాడు పాఠం చెప్పిన ఉపసంపాదకుడు. నిజమే. గోతులు పడ్డ రోడ్డునో, నేలకొరిగిన చేనునో ఎవరో ఒకరు వేలితో చూపని రోజు మన పత్రికల్లో ఉండదు.

ఏప్రిల్‌లో, నుయ్యి ఉప్పుబారిన ఆమె ఇంటికి వెళ్ళాను. భర్త కువైట్‌లో డ్రైవరు. దొడ్డిని ఆనుకునే కొత్తగా తవ్వి, ఉప్పునీళ్ళు నింపిన రొయ్యల చెరువు. నూతి నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాను. చెరువు యజమానినీ కలిశాను. "చెరువు నాది, నుయ్యి ఆవిడదండి. భూమి లోపల ఏం జరుగుతుందో నాకెలా తెలుస్తదండీ?" అన్నాడు. అదీ రాశాను.

ఉప్పు ఫొటోలో పడదు. అందుకని చెరువునే చూపించమన్నాను.

"చెయ్యి ఇలా పెట్టాలాండీ, మావయ్యగారూ?"

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "పెళ్ళిచూపులక్కూడా ఇలా నిలబడలేదే నువ్వు! నవ్వకు, నీళ్ళు తియ్యగా ఉన్నాయనుకుంటారు," అంది. ఆ మాటకే ఆమెకు నవ్వు ఆగలేదు. ఫొటోలో ఆ నవ్వే పడింది.

మే నెలలో ఆ పత్రిక రొయ్యల సాగు మీద ప్రత్యేక పేజీ వేసింది. అడుగున మేత కంపెనీల ప్రకటనలు, మధ్యలో ఆమె. కింద, 'తన రొయ్యల చెరువును ఆనందంగా చూపుతున్న మహిళా రైతు'.

ఉపసంపాదకుడికి ఫోన్ చేశాను.

"పేజీకి ఫొటో తక్కువైందండి. రెండ్రోజులు పోతే ఎవరికీ గుర్తుండదు, వదిలెయ్యండి బాబాయిగారూ."

మండల కార్యాలయంలో గుర్తుంది. "అంత సంతోషంగా చూపించేరు కదమ్మా, ఇంక అర్జీ దేనికండీ?" అన్నాడట అక్కడి అధికారి. ఊళ్ళో అయితే, చెరువాయన ఎంత ముట్టజెప్పాడని అడుగుతున్నారు.

"మీరు చూపించమంటేనే చూపించేనండి," అంది ఆమె నాతో. "వీధి కుళాయి దగ్గరికి బిందె పట్టుకెళ్తే, చెరువుంది కదా, అందులో ముంచుకోమంటన్నారండి."

గోడ మీంచి హాస్యమాడిన పక్కింటావిడ కూడా ఇప్పుడు ఆమెతో పలకడం లేదట. ఆ తరగతుల్లో నేర్చిన ఏ పాఠమూ ఆమెకు బిందెడు మంచినీళ్ళు తేలేదు. మళ్ళీ వార్త రాయాలని కూర్చుని, ఆ పత్రిక సంపాదకుడికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆరోపణ వచ్చినవారిని అడగాలని మీరే నేర్పారు. సంపాదకులవారూ, ఇది మీ మీద ఆరోపణ. నా వార్తను ఎందుకు ఆపారు? ఆ చెరువు ఆమెదని ఏ ఆధారంతో రాశారు? సవరణ ఏ రోజున, ఏ పేజీలో వేస్తారు? జవాబు వస్తుందన్న నమ్మకం నాకు లేదు. అయినా, మీ సంతకంతో, రాతపూర్వకంగా, నాకు కాదు, ఆమె ఇంటికి పంపవలసిందిగా డిమాండ్ చేస్తున్నాను.