రచయిత్రికి వరదలొచ్చిన వ్యాసం

మొన్న ఆధార్ నకలు కోసం అమలాపురం జిరాక్సు కొట్టుకి వెళ్తే, మిషన్లోంచి అప్పుడే జారిన కాయితం చేతికి వేడిగా తగిలింది. ఆ వేడీ, దాంతో వచ్చే కాలిన పొడి వాసనా నా నోటిని ఊరుకోనివ్వలేదు. పక్కన నిలబడ్డ పెద్దమనిషితో అనేశాను: ఒకప్పుడు నేనూ గోదావరి పడవవాళ్ళ మాటల మీద పరిశోధనా వ్యాసం రాసి జర్నల్లో వేయించినవాణ్ణేనండీ అని. ఆయన "ఆయ్" అని మర్యాదగా తలూపి తన కాయితాలు తీసుకుని వెళ్ళిపోయేరు. నమ్మేరో లేదో తెలియదు. మీ దగ్గర దాచడం దేనికి, కొంచెం సాగదీసేను. ఆ వ్యాసంలో నేను రాసింది ఒకే ఒక్క మాట. ఆ ఒక్క మాటనీ వ్యాసం నిండా రాసేను. గొడవంతా అదే.

వ్యాసం రాసినావిడ పేరు గోదావరి గారు. కాలేజీలో తెలుగు చెప్పేవారు. కాలేజీకి ఎదురుగా, మా ఇంటి ముందు గదిలోనే నాకు డీటీపీ కొట్టుండేది. శుభలేఖలూ, కరపత్రాలూ నా వ్యాపారం. ఆవిడ రాజోలు వైపు రేవుల్లో ఏళ్ళ తరబడి తిరిగి, పడవలు నడిపేవాళ్ళు నీటికి పెట్టుకున్న పేర్లన్నీ సేకరించేరు. పోటు, పాటు, ఎర్రనీరు మనకీ తెలుసు. మనం విననివి ఆవిడ దగ్గర బోలెడు. వంతెనలు పడ్డాక ఆ మాటలు అనేవాళ్ళే తగ్గిపోయేరు. అప్పటికే రెండు చోట్లనుంచి వ్యాసం తిరిగొచ్చింది. బాగుందనీ కాదు, బాగాలేదనీ కాదు, అమరిక సరిగ్గా లేదని. ఆ వేసవిలో ఆవిడ రిటైర్మెంటు. "పేరు కింద కాలేజీ పేరు ఉండగానే రావాలండీ. ఇంటి అడ్రసుతో పంపితే తోచక రాసిందనుకుంటారు" అన్నారు. ఆవిడ నోట బతిమాలినట్టుండే మాట నేను విన్నది అదొక్కటే.

జర్నల్ వాళ్ళ నియమాలు చూసి నాకు కళ్ళు తిరిగేయి. శుభలేఖకయితే పైన వినాయకుడు, కింద బంధుమిత్రుల అభినందనలు, అక్కడితో సరి. ఇక్కడ సారాంశం ఇంతకి మించకూడదు, కీలక పదాలు విడిగా ఉండాలి, పుస్తకాల పేర్లు ఏటవాలుగా ఉండాలి. నేను మనుషుల పేర్లు ఏటవాలుగా పెట్టి పుస్తకాలని నిలబెట్టేను. చివర గ్రంథాల పట్టికలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రావాలన్నారు. మనవాళ్ళకి ఇంటిపేరు ముందే ఉంటుంది కదా. అది తోచక, చాలా పేర్లు పట్టుకుని తిప్పేశాను. ఆవిడ చూసి, "తిప్పినవన్నీ మళ్ళీ తిప్పండి, సూర్యనారాయణ గారూ. తిప్పనివి ముట్టుకోకండి" అన్నారు. ఏవి తిప్పేనో, ఏవి తిప్పలేదో అప్పటికి నాకే తెలియదు.

ఆవిడకో అలవాటుండేది. చేతికొచ్చిన కాయితాన్ని పెదవులు కదుపుతూ మొదట్నించీ చివరిదాకా చదివేవారు. నా బల్ల మీద ఎవరిదో శుభలేఖ ఉన్నా సరే, చదివి, పెళ్ళికూతురి తాతగారి పేరులో దీర్ఘం పోయిందని చెప్పేవారు. నేను పేజీ ఇవ్వగానే "చదివేరా?" అనేవారు. టైపు చేసేను కదండీ అనేవాణ్ణి. "అది కాదండీ, చదివేరా?" అని మళ్ళీ అడిగేవారు. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకు ఎంతకీ బోధపడేది కాదు.

గడువు ఆఖరి రోజు బ్లైండ్ రివ్యూ అనే నియమం ఎదురైంది. చూపులేనివారెవరో దిద్దుతారు కాబోలనుకుని అక్షరాల సైజు పెంచేను. ఆవిడ నెత్తి పట్టుకుని, దిద్దేవాళ్ళకి చూపు బాగానే ఉంటుందనీ, రాసిందెవరో వాళ్ళకి తెలియకూడదనీ చెప్పేరు. ఆవిడ పాత వ్యాసాల ప్రస్తావనల్లో పేరుంది. "నా పేరెక్కడున్నా తీసేసి, రచయిత్రి అని పెట్టి పంపేయండి" అని పరీక్ష డ్యూటీకి వెళ్ళిపోయేరు.

కంప్యూటర్లో ఒక సదుపాయం ఉంది. ఒక మాట బదులు ఇంకో మాట పెట్టమంటే మొత్తం అదే మార్చేస్తుంది. గోదావరి బదులు రచయిత్రి అన్నాను. కన్నుమూసి తెరిచేలోగా మార్చేసింది. నా తెలివికి నేనే మురిసిపోయి, పాత ఫైలు మీదే సేవ్ చేసి పంపేశాను.

కొన్నాళ్ళకి జవాబొచ్చింది. రచయిత్రి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలుతుందనీ, రచయిత్రికి ఏటా వరదలొస్తాయనీ, రచయిత్రి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుందనీ ఉంది, ఇది పరిశోధనా, కవిత్వమా అని అడిగేరు. వారంలో సరిచేసి పంపకపోతే వ్యాసం తీసుకోబోమన్నారు. గోదావరి గారు ఆ కాయితం చదివి పగలబడి నవ్వేరు. "రిటైరయ్యే వయసులో కూడా నాకు వరదలొస్తాయన్నమాట" అన్నారు. అంత పెద్ద మనసు.

ఒక్క నొక్కుతో వెనక్కి మార్చేస్తానన్నాను. వద్దన్నారు. అలా చేస్తే నిజంగా రచయిత్రి అని ఉండాల్సిన చోట కూడా ఆవిడ పేరొచ్చి కూర్చుంటుంది. అందుకని ఎదురుగా కుర్చీ వేసుకుని నన్ను పైకి చదవమన్నారు. రచయిత్రి వచ్చిన ప్రతిచోటా ఆగి, "నదా, జిల్లానా, నేనా?" అనేవారు. నేను చెప్పాలి. మొదట్లో అన్నీ తప్పే చెప్పేను. జిల్లా అన్నచోట ఏరు, ఏరన్నచోట ఆవిడ. పోనుపోను వాక్యం ముందూ వెనకా చూసుకోవడం వచ్చింది. పడవవాళ్ళు చెప్పిన వాక్యాలు మాత్రం చెక్కుచెదరలేదు. వాళ్ళు గోదావరి అనరు కదా, గోదారంటారు. "చూసేరా, మనమే మునిగేం. వాళ్ళు మునగలేదు" అన్నారావిడ.

"గోదారి నిద్దరోతున్నప్పుడు గెడెయ్యకూడదండి, కోప్పడుద్ది" అని, పడవని తోసే గెడ గురించి ఒక ముసలి పడవాయన చెప్పిన మాట ఉందందులో. అది పైకి చదివి నేను ఆగిపోయేను. నా వేళ్ళతో నేనే కొట్టిన వాక్యం. నేను వినడం అదే మొదటిసారి.

వ్యాసం తీసుకున్నారు. ఆవిడ పేరు కింద కాలేజీ పేరుతోనే అచ్చయింది. గోదావరి గారు ఇప్పుడు లేరు, నా కొట్టూ లేదు. అయినా మందుచీటీ అయినా, గుడి కరపత్రమైనా, చేతికొచ్చిన కాయితాన్ని పైకి చదివితే గాని కింద పెట్టలేను. ఇంట్లోవాళ్ళు లేచి వెళ్ళిపోతుంటారు. ఏం చెయ్యను, చదవకపోతే టైపు చేసినట్టే ఉంటుంది.

ఇదంతా రాసి, అలవాటు ప్రకారం మా ఆవిడ వరలక్ష్మికి చదివి వినిపించేను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చివరిదాకా వింది. బాగుందంటుందనుకున్నాను.

"ఆవిడెక్కడ నవ్వేరండీ? వరదల మాటన్నదీ మీరే, నవ్విందీ మీరే. ఆవిడ ఆ కాయితం పట్టుకుని కూర్చుండిపోతే, మంచినీళ్ళు తెచ్చిచ్చింది నేను. అవి తాగి, కుర్చీ దగ్గరికి లాక్కుని, చదవండి అన్నారు మీతో. అంతే."